శారీ గార్డు బోల్టు

స్లైడర్ అంటే ఏంటో నాకు తెలిసినంత వివరంగా మా ప్రకాశం జిల్లాలో ఇంకే సోషల్ టీచరుకీ తెలిసి ఉండదు. పందెం. స్పోర్ట్స్ బండి పక్కకి పడిపోతే ఇంజనూ, రంగులేసిన ప్లాస్టిక్ బాడీ రోడ్డుకి గీసుకుపోకుండా, ముందు తనే నేలకి తగిలి, అరిగి, బండిని కాపాడే ముక్క అది. పిడికిలంత లావు, బెత్తెడు పొడుగు. ఫ్రేముకి బోల్టుతో బిగిస్తారు. అల్యూమినియంవి ఉంటాయి, నైలాన్‌వి ఉంటాయి. మరీ పొట్టిదైతే పడ్డప్పుడు బండి బాడీయే ముందు తగులుతుంది. మరీ పొడుగైతే గుంటలో ఇరుక్కుని బండిని పల్టీ కొట్టిస్తుంది. ఇవన్నీ నేను సరదాపడి నేర్చుకున్నవి కావు. ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా గుంటూరులో ఒక షాపు ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెడితే ఎవరికైనా వచ్చేస్తాయి.

రెండు వేల ఆరో, ఏడో. మా పెళ్ళై ఏడాది దాటింది. మా ఆయనకి పత్తి విత్తనాల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. అద్దంకిలో కాపురం, మా అత్తయ్య మాతోనే. పెళ్ళినాటికి ఆయనకి మామూలు బండి ఉండేది, సీటు బల్లలాగా తిన్నగా, కూర్చుంటే హాయిగా ఉండేది. దాన్ని అమ్మేసి ఎర్ర స్పోర్ట్స్ బండి కొన్నాడు. దాని వెనక సీటు విడిగా, ఎత్తుగా, పీట మీద పీట వేసినట్టు ఉండేది. చీర కట్టుకుని దాని మీద పక్కకి తిరిగి కూర్చోవడమంటే ప్రహరీ గోడ ఎక్కి కూర్చోవడమే.

బండి వచ్చిన రోజు పాస్టరుగారు వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఈ చక్రాలకి నీ దూతలని కావలి ఉంచు ప్రభువా అన్నారు. ఆయన సందు మలుపు తిరిగారో లేదో, మా అత్తయ్య పండు మిరపకాయలూ నిమ్మకాయా దారానికి గుచ్చి తెచ్చి బండి ముందు కట్టేసింది. "అదేంటి అత్తయ్యా, ఇప్పుడేగా ప్రార్థన అయింది?" అన్నాను. "దిష్టి సంగతి దూతలకేం తెలుసే" అంది. బండికి ఎంత కాపలా! అప్పుడు నాకూ నవ్వొచ్చింది.

ఆ బండితో పాటే శారీ గార్డు కూడా వచ్చింది. ఎడం పక్క వెనక చక్రానికి అడ్డంగా ఇనప కమ్మీల చట్రం, దాని కిందే ఆడవాళ్ళు పాదాలు రెండూ ఆనించుకోవడానికి ఒక రేకు. చీర చైన్లో పడకుండా ఆపేది అదే. చూడ్డానికి అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. "వస్తాదుకి లోలాకులు పెట్టినట్టుందే" అనేవాడు మా ఆయన. నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిందని గుంటూరు వెళ్ళాక తెలిసింది.

షాపతను గాజు బల్ల మీద స్లైడర్లు వరసగా పెట్టాడు. "అల్యూమినియం గట్టిగా ఉంటది అన్నా, కాకపోతే రోడ్డు మీద నిప్పురవ్వలొస్తాయి. నైలాన్ అయితే మెత్తగా జారిద్ది, బండికి దెబ్బ తెలవదు" అన్నాడు. మా ఆయన ఒక్కోటీ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. గోటితో గీశాడు. పుచ్చకాయ కొంటున్నట్టు తట్టి చూశాడు. తెల్లవి బాగుంటాయా నల్లవి బాగుంటాయా అని బండి పక్కన పెట్టి, ఇంత దూరం వెళ్ళి నిలబడి, కళ్ళు చికిలించి చూశాడు. పెళ్ళిచూపుల్లో నన్ను చూడ్డానికి వచ్చి, కాఫీ చల్లారకముందే "సరే" అని లేచెళ్ళిన మనిషి ఈయనేనా అనుకున్నాను.

చివరికి తెల్ల నైలాన్‌వి తేలాయి. ముందు రెండూ బిగించారు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

"వెనక కూడా వేయించు అన్నా. సెట్టు మొత్తం ఉంటేనే బండి నేలకి తగలదు. కాకపోతే వెనక ఎడం పక్క ఉంది ఒకటే బోల్టు. దానికి శారీ గార్డు పట్టి ఉంది. అది ఉంటే ఇది పట్టదు."

"తీసెయ్" అన్నాడు మా ఆయన. ఆలోచించలేదు, నా వైపు చూడనైనా చూడలేదు. పొద్దున్నించీ ఆయన వెంటనే తేల్చేసిన విషయం అదొక్కటే.

"ఏవండీ, మరి నా చీర?" అన్నాను స్టూలు మీంచి లేచి.

"కుచ్చిళ్ళు ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంటే ఏం కాదు."

"పాదాలెక్కడ పెట్టుకోవాలి?"

షాపతను మంచివాడే, నవ్వుతూ చెప్పాడు. "ఈ స్లైడర్ మీదే పెట్టుకోండి మేడం. మంచి గ్రిప్పు."

గ్రిప్పంట, నా మొహం! పొద్దున అదే నైలాన్ మెత్తగా జారిద్దని చెప్పిన నోటితోనే!

విప్పిన శారీ గార్డుని పేపర్లో చుట్టి నా చేతికిచ్చారు. గుంటూరు నుంచి అద్దంకి దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చిలకలూరిపేట దాటేసరికి చేతులు తిమ్మిరెక్కాయి. ఇంటికొచ్చాక మా అత్తయ్య దాన్ని తిప్పి తిప్పి చూసి, పెరట్లో బీరపాదుకి ఆసరాగా గోడకి కట్టింది. "చేయించినా ఇంత బాగా కుదరదే అమ్మాయ్" అని మురిసిపోయింది. వారం తిరక్కుండా తీగ దాన్ని అల్లుకుపోయింది.

ఇక నా బతుకు మొదలైంది. నేను చేసేది అద్దంకి అవతల ఒక ఊళ్ళో ప్రైవేటు హైస్కూల్లో. ఆ ఊరి బస్సు వెళ్ళేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది. మిరప కోతల రోజుల్లో ఆటోలన్నీ కూలీలతో కిక్కిరిసిపోయేవి, కమ్మీలకి వేలాడుతూ వెళ్ళేవాళ్ళు. "మా కోడలు ఆటోకి వేలాడిందని నలుగురూ అనుకోవాలా?" అనేది మా అత్తయ్య. మా ఆయన తిరిగే దారీ అదే కాబట్టి రోజూ ఆ బండి మీదే వెళ్ళాలి. ఒక చేత్తో ఆయన భుజం పట్టుకోవాలి, ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకోవాలి. క్యారియరూ, పరీక్ష పేపర్లూ పట్టుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు. పాదాలు ఆ తెల్ల ముక్క మీద పెడితే, గుంట వచ్చినప్పుడల్లా చెప్పు జారేది. చెప్పు జారితే గుండె జారేది. కిందకి చూస్తే చైను కనపడేది, నూనె మెరుస్తూ, గరగర తిరుగుతూ.

భయమేసేది. పొద్దున స్నానం చేసి చీర తీసుకుంటున్నప్పుడే మొదలయ్యేది. ఎన్ని పిన్నీసులు పెట్టినా ఆ భయం పోలేదు.

ఊరుకోలేదు నేను. కరస్పాండెంటు గారిని అడిగాను, చుడీదార్ వేసుకోనివ్వండి సార్, కాలు అటొకటి ఇటొకటి వేసి కూర్చుంటానని. "లేడీ టీచరంటే చీరేనమ్మా. రూలు మారదు. మీ ఆయన్ని బండికేదో పెట్టించుకోమనండి" అన్నారు. మా ఆయన్ని అడిగితే, "బండికేం కాదే, మీ స్కూలుదే పాత చింతకాయ పచ్చడి రూలు. వాళ్ళతో పోట్లాడు" అన్నాడు. అత్తయ్యని అడిగాను, మీరన్నా చెప్పండి అని. "చుడీదారా? రేపు చర్చికి కూడా అదే తొడుక్కొస్తావా ఏంటి? అంత భయమైతే ఉద్యోగం మానెయ్, ఎవరు చెయ్యమన్నారు?" అంది. అద్దంకిలో మెకానిక్కు దగ్గరికెళ్ళి గార్డు మళ్ళీ బిగిస్తావా అనడిగితే, "అన్న చెప్పాలి మేడం" అన్నాడు.

అందరూ మంచివాళ్ళే. వాళ్ళల్లో ఒక్కరు కూడా నన్ను చావమనలేదు. నేను వెళ్ళి అడిగిన ప్రతివాళ్ళూ ఇంకో మనిషి వైపు వేలు చూపించారు, అంతే. ఉద్యోగం మానేస్తే అన్నీ తీరిపోతాయి, నిజమే. కానీ ఆ ఇంట్లో నా పేరుతో నన్ను పిలిచేవాళ్ళు లేరు. స్కూల్లో పిల్లలు "టీచర్" అని లేచి నిలబడేవాళ్ళు. నల్లబోర్డు మీద భారతదేశం పటం చూడకుండా గీస్తే నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. అది వదులుకోవడం నా వల్ల కాదు. వదులుకోకుండా ఉండాలంటే ఆ బండి ఎక్కాలి. ఎటు తిరిగినా గోడే. బీరపాదు దగ్గర బట్టలు ఆరేస్తూ ఆకుల సందులోంచి కనపడే ఆ కమ్మీలని చూసి ఒళ్ళు మండేది. దాని వెనక పెట్టాల్సింది చీరని కదా, బీరకాయల్ని పెట్టారు.

కోతలు జోరుగా సాగుతున్నాయి. ఆ రోజుల్లో మా వైపు రోడ్ల పక్కన ఎక్కడ చూసినా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. కల్లం చాలకపోతే తారు రోడ్డు సగం మేర పరిచేస్తారు. అదేం తప్పని ఎవరూ అనుకోరు, బండ్లే పక్కకి తప్పుకుంటాయి. ఆ రోజు స్కూల్లో పదో తరగతి పిల్లలకి ఫేర్‌వెల్. లేత పచ్చ జార్జెట్ చీర కట్టుకున్నాను. వాళ్ళకని రవ్వలడ్లు చేసి డబ్బాలో పెట్టుకున్నాను.

మలుపు తిరగ్గానే ఎదురుగా మిరపకాయలు. అటు పక్క నుంచి ట్రాక్టరు వస్తోంది. మా ఆయన బ్రేకు వేశాడు. చెప్పు నైలాన్ మీంచి జారింది. ఒళ్ళో డబ్బా జారింది. పట్టుకోబోయాను. కుచ్చిళ్ళు వదిలేశానని నాకు తెలియనే లేదు. చీరని ఎవరో కింద నుంచి గుంజినట్టయింది.

ఇంకంతే. ఆకాశం, మిరపకాయలు, ఆకాశం.

కళ్ళు తెరిచేసరికి వెల్లకిలా ఉన్నాను. బండి ఎడం పక్కకి పడి ఉంది. నా కాళ్ళు రెండూ దాని కిందే ఉన్నాయి. కానీ నలగలేదు. ముందొకటి, వెనకొకటి, ఆ తెల్ల ముక్కలు రెండూ నేలకి ఆని బండిని ఎత్తి పట్టుకున్నాయి. మంచం కింద కాళ్ళు పెట్టుకున్నట్టుంది. బయటికి లాక్కుందామని చూస్తే నడుము కదల్లేదు. చీర మొత్తం చక్రానికి చుట్టుకుపోయింది. లంగా బొందు కడుపులోకి దిగిపోయింది. ఊపిరి తీసుకుంటే బొందు ఇంకా బిగుసుకుంటోంది. చీలమండ దగ్గర చైను ఒరుసుకుని మంట. ఆ మంట మీద మిరపకాయల ఘాటు. దగ్గొస్తోంది, దగ్గడానికి ఊపిరి లేదు. గొంతులోంచి మాట రాలేదు. జార్జెట్ చీర చిరగదు చూడండి, అంత పల్చగా ఉంటుందా, చస్తే చిరగదు.

మా ఆయన మిరపకాయల మీద పడ్డాడు, దెబ్బ తగల్లేదు. లేచాడు. నాకు కనపడుతూనే ఉన్నాడు. బండి చుట్టూ వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నా పక్కన కాదు. బండి ముందు పక్కన. ఎర్ర ప్లాస్టిక్ మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి నిమిరాడు.

"హమ్మయ్య. గీత కూడా పడలా" అన్నాడు.

కల్లం దగ్గర పట్టా నీడలో తాలు కాయలు ఏరుతున్న ఆడకూలీలు అప్పటికే పరిగెత్తుకొచ్చారు. అందులో ఒక పెద్దావిడ, చీర మీద మగాళ్ళ చొక్కా తొడుక్కున్నావిడ, ఆయన మాట విన్నది. "ఓరి నీ బండి తగలెయ్యా! పెళ్ళాం చక్రంలో ఇరుక్కోనుంటే గీతలు చూసుకుంటన్నావేందయ్యా!" అని ఒక్క అరుపు అరిచింది. అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. నన్ను చూసి ఆయన మొహం పాలిపోయింది, అదీ నిజమే. నా బొందు లాగబోయాడు, రాలేదు. పెద్దావిడ ఆయన్ని పక్కకి నెట్టి, కొడవలితో ముందు బొందు తెంపింది, తర్వాత చీర కోసింది. ఊపిరి ఆడింది. ఏడుపొచ్చింది. నడిరోడ్డు మీద, రవ్వలడ్ల మధ్యన, పెద్దగా ఏడ్చాను.

ఆడవాళ్ళు చుట్టూ నిలబడి చాటు కట్టారు. పెద్దావిడ తన చొక్కా విప్పి నాకు తొడిగింది. ఇంకొకామె తలకి చుట్టుకున్న తువ్వాలు నడుముకి చుట్టింది. ఆ చొక్కా నిండా మిరప ఘాటు, చెమట వాసన. దాంట్లో నాకు కలిగిన ధైర్యం ఇంకెక్కడా కలగలేదు.

నిజం చెప్పుకోవాలి. ఆ స్లైడర్లే లేకపోతే నా మోకాళ్ళు పిండైపోయేవి. ఆ వెనక స్లైడరే లేకపోతే శారీ గార్డు ఉండేది, నేను పడేదాన్నే కాదు. ఈ రెండు ముక్కలూ ఇప్పటికీ నా బుర్రలో ఒకదాన్నొకటి తరుముకుంటూనే ఉంటాయి. మా ఆయనకి మాత్రం మొదటి ముక్కే దొరికింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, పాస్టరుగారికీ చెప్పాడు. "స్లైడర్లు వేయించబట్టి సరిపోయిందండీ. లేకపోతే ఏమయ్యేదో! బండికి ఒక్క గీత పడితే ఒట్టు." నేను కట్టు కట్టిన కాలు చాపుకుని పక్క గదిలోంచి వింటూ పడుకున్నాను.

మా అత్తయ్య కొడుకుని దులిపేసింది. "ఆడపిల్లకి ఏదన్నా అయితే వాళ్ళమ్మకి ఏం చెప్పుకుంటావురా?" అంది. నా కాలికి పసుపు రాసింది, పథ్యం పెట్టింది. "రేపే ఆ గార్డు బిగించు" అంది. మళ్ళీ తనే పెరట్లోకి వెళ్ళి చూసొచ్చి, "పాదు పిందె మీదుంది రా. ఈ కాపు అయ్యాక తీద్దాం" అంది. ఏం చెప్పమంటారు! ఆ వారం బీరకాయ పప్పు వండితే ముద్ద దిగలేదు నాకు.

కాలు బాగయ్యాక నేను ఆ బండి ఎక్కలేదు. పొద్దున్నే టీ బంకు దగ్గర నిలబడి కూలీల ఆటో ఎక్కాను. ఎవరేమనుకుంటే నాకేం? వేలాడాను కూడా. ఆ పెద్దావిడ అదే ఆటోలో వచ్చేది. చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించి తిరిగిస్తే, "ఇస్త్రీ చొక్కాతో కాయలు కొయ్యమంటావా టీచరమ్మా?" అని ఆటో మొత్తం నవ్వించింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. గార్డు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను ఎక్కనప్పుడు ఇక దాని అవసరం ఎవరికని.

కొన్నేళ్ళకి బాబు పుట్టాడు, ఆయనకి బండి మీద మోజు తీరింది. అమ్ముతానన్నాడు. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు కొనడానికి వచ్చాడు. కొత్తగా పెళ్ళైంది, భార్యని కూడా తెచ్చాడు. మెడలో తాడు ఇంకా పచ్చగానే ఉంది. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, సిగ్గుపడుతూ గేటు దగ్గర నిలబడింది. కుర్రాడు బండి చుట్టూ తిరిగి, వంగి, కింద కూడా చూశాడు.

"ఎప్పుడన్నా పడిందా అన్నా?"

"ఒక్క గీత చూపించు తమ్ముడూ, ఊరికే ఇచ్చేస్తా" అన్నాడు మా ఆయన.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అదే నన్ను కాల్చేసింది. ఆయన బండి ఎప్పుడూ పడలేదనే నమ్ముతున్నాడు, గీత లేదు కాబట్టి. నేను గడపలోనే ఉన్నాను. తిన్నగా పెరట్లోకి వెళ్ళాను. పాదు ఎండిపోయి ఉంది. తీగలు పీకి పారేసి, గోడకున్న తాళ్ళు తెంపి, తుప్పు పట్టిన గార్డుని తెచ్చి బండి సీటు మీద పెట్టాను. అందరి ముందూ చీర కొంచెం ఎత్తి చీలమండ మీది మచ్చ చూపించాను.

"పడింది తమ్ముడూ. గీత ఇదిగో, ఇక్కడుంది. ఈ గార్డు బిగించుకుని తీసుకెళ్ళు. ఆ అమ్మాయి చీర కట్టింది."

మా ఆయన నేల చూపులు చూశాడు. కుర్రాడు పాపం కంగారుపడ్డాడు. మచ్చ చూశాడు, గార్డు చూశాడు, బండి చూశాడు. బండిని ఎక్కువసేపు చూశాడు.

"ఇది బిగించాలంటే ఆ స్లైడర్ తీసెయ్యాలా అన్నా?" అన్నాడు.

"బోల్టు ఒకటే తమ్ముడూ" అన్నాడు మా ఆయన, చిన్నగా.

"సరే అక్కా, ఇంటికెళ్ళాక చూసి బిగించుకుంటాలే" అని గార్డుని భార్య చేతికిచ్చాడు. ఇక్కడే బిగించుకో నాయనా, మెకానిక్కుని నేను పిలుస్తానన్నాను. లేటవుద్దక్కా అన్నాడు. ఆ పిల్ల ఎత్తు సీటు మీదకి కష్టంగా ఎక్కి పక్కకి తిరిగి కూర్చుంది. పాదాలు ఆ తెల్ల ముక్క మీద పెట్టుకుంది. తుప్పు గార్డుని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. బండి కదిలింది. గంజి కుచ్చిళ్ళు గాలికి చైను వైపు ఎగిరాయి.

నేను చెప్పుల్లేకుండా సందు చివరిదాకా పరిగెత్తాను.

"అమ్మాయ్! అది కింద పారెయ్! కుచ్చిళ్ళు పట్టుకో! కుచ్చిళ్ళు!"

బండి చప్పుడులో ఆ పిల్లకి వినపడినట్టు లేదు. నేనేదో సాగనంపడానికి వచ్చాననుకుంది. నా వైపు తిరిగి నవ్వి, పడిపోకుండా ఆ గార్డుని ఇంకా గట్టిగా హత్తుకుంది.